జానెడు మట్టి మీద బతుకు

బండ మీద పలచటి పొరలా పరుచుకున్న దక్కన్ గడ్డినేలలను రికార్డులు బంజరు అంటున్నాయి. గొర్రెల కాపరి, కృష్ణజింక, బట్టమేక పిట్ట నమ్ముకున్నది వాటినే.

గడ్డపార రెండో పోటుకే ఠంగుమంటుంది. దక్కన్ మిట్టల మీద వనీకరణ పనికి వెళ్లిన ఏ కూలీనడిగినా ఆ చప్పుడు సంగతి చెబుతాడు. కాగితం మీద గుంత కొలత పొడవు, వెడల్పు, లోతు తలా 45 సెంటీమీటర్లు. మట్టి మాత్రం పాతిక సెంటీమీటర్లకే అయిపోతుంది. దాని కింద మొరం, ఆ కింద బండ. మొరాన్ని పొడిచి పైకి తీసి, మరోచోటి నుంచి తెచ్చిన మట్టి నింపి, మొక్క పెడతారు. ముసురు పట్టినప్పుడు ఆ గుంత అడుగున చిల్లు లేని కుండీ. ఏప్రిల్ వచ్చేసరికి కాలిన పెంకు. మొక్క చచ్చిపోతే మరుసటి ఏడాది అదే గుంతలో ఇంకో మొక్క.

అక్కడ చెట్టు ఎందుకు నిలవదనే ప్రశ్నకు జవాబు వానలో లేదు, లోతులో ఉంది. షోలాపూర్ వైపు, ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాదికి 600-700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదే వానకు పక్కనే ఉన్న లోతైన నల్లరేగడిలో రైతులు రబీ జొన్న పండిస్తారు. విత్తాక పెద్దగా చినుకు పడకపోయినా మట్టిలో దాగిన తేమతోనే కంకి తీస్తుంది. అరమైలు అవతల మిట్ట మీద మాత్రం వాన వెలిసిన వారానికే గడ్డి వాడుముఖం పడుతుంది.

లెక్క చూస్తే సంగతి తేలిపోతుంది. మధ్యరకం మట్టి ప్రతి సెంటీమీటరు లోతుకు ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల నీటిని మొక్కకు అందేలా పట్టి ఉంచుతుంది. మీటరు లోతుంటే 100 నుంచి 150 మిల్లీమీటర్ల నిల్వ అన్నమాట. అదే మట్టి జానెడు, అంటే 20 సెంటీమీటర్లే ఉండి, అందులో మూడో వంతు రాళ్లయితే నిల్వ 13 నుంచి 20 మిల్లీమీటర్లకు పడిపోతుంది. ఎండ కాసిన రోజున ఆవిరి, మొక్కలు కలిసి నాలుగైదు మిల్లీమీటర్లు లాగేస్తాయి. మూడు నాలుగు రోజుల్లో ఖాతా ఖాళీ. పెద్ద వాన పడినా లాభం లేదు. సంచి నిండాక మిగిలిందంతా వాలు వెంట పోవాల్సిందే, లేదా బండ పగుళ్లలోకి దిగాల్సిందే.

ఈ ఆటలో గెలవగలిగేది గడ్డి. దాని పీచువేళ్లు ఆ జానెడులోనే అల్లుకుపోతాయి. తడి ఉన్న నాలుగు రోజుల్లోనే పని ముగించుకుంటుంది, ఎండితే ఆకును వదిలేసి దుబ్బును కాపాడుకుంటుంది, మళ్లీ చినుకు పడగానే చిగురిస్తుంది. చెట్టుకు ఆ సౌలభ్యం లేదు, ఏడాది పొడవునా నీరు అందాలి. అందుకే ఈ నేలల్లో తెల్లతుమ్మ, రేగు లాంటివి ఒకటీ అరా, అదీ బండలో పగులు దొరికిన చోటే కనిపిస్తాయి. ఉమ్మడి కర్నూలు జిల్లాలో చాలాచోట్ల అడుగున ఉన్నది సున్నపురాయి. బేతంచర్ల నాపరాళ్లుగా మన ఇళ్లల్లో పరుచుకుంటున్నది దాన్నే. షోలాపూర్ వైపు ఉన్నది లావా చల్లబడి ఏర్పడిన నల్లరాయి. రాయి ఏదైనా కథ ఒకటే.

పైన పరుచుకున్న రాళ్లను చూసి జాలిపడనక్కర్లేదు. అవి చినుకు దెబ్బకు మట్టి చెదరకుండా అడ్డుకుంటాయి. కింది తేమ ఆవిరి కాకుండా కప్పుతాయి. ఆ నీడల్లోనే తేళ్లు, బల్లులు, నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు బతుకుతాయి. మట్టి పలచగా ఉండటానికి ఎవరో పాడుచేయడమే కారణం కానక్కర్లేదు. రాయి మట్టిగా మారే వేగం ఎంతో, వాలు మీద మట్టి కొట్టుకుపోయే వేగమూ దాదాపు అంతే అయిన చోట పొర మందం కాదు. వేల ఏళ్లుగా అంతే ఉంటుంది.

నాగ్‌పూర్‌లోని జాతీయ మృత్తికా సర్వే సంస్థ ఇలాంటి నేలలను లోతును బట్టి వర్గీకరిస్తుంది. 50 సెంటీమీటర్ల లోపుంటే తక్కువ లోతు, 25 లోపుంటే మరీ తక్కువ. ఇందులో నింద లేదు, కొలత మాత్రమే. నింద రెవెన్యూ భాషలో ఉంది. ఐన్-ఇ-అక్బరీలో ఐదేళ్లు, అంతకు మించి సాగు లేకుండా ఉన్న నేలకు బంజరు అని పేరు. శిస్తు రాని భూమికి పెట్టిన ఆ పేరే బ్రిటిష్ వారి చేతిలో వేస్ట్‌ల్యాండ్‌గా స్థిరపడింది. ఆదాయం లేకపోవడమనే అర్థం పోయి, ప్రాణమే లేదన్న అర్థం వచ్చి చేరింది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి కేంద్ర భూవనరుల విభాగం 2000 నుంచి వేస్ట్‌ల్యాండ్ అట్లాస్‌లు వెలువరిస్తోంది. 2019 నాటి అట్లాస్ ప్రకారం దేశంలో వేస్ట్‌ల్యాండ్ 5.57 కోట్ల హెక్టార్లు, అంటే దేశ విస్తీర్ణంలో దాదాపు 17 శాతం. అందులో నిజంగా చెడిన నేలా ఉంది, పొదలతో కూడిన మామూలు గడ్డినేలా ఉంది. పరిశోధకులు మధుసూదన్, అబి వనక్ వేసిన మరో పటం ఇదే భూమిని వేరుగా చూపింది. దేశ విస్తీర్ణంలో సుమారు 10 శాతం ఇలాంటి సహజమైన మెట్ట మైదానాలే. రక్షిత ప్రాంతాల్లో ఉన్నది అందులో 5 శాతం కూడా లేదు.

శాస్త్రవేత్తల్లోనూ ఒకప్పుడు ఇదే చిన్నచూపు ఉండేది. దేశంలోని గడ్డినేలలను ఐదు రకాలుగా విభజించిన 1973 నాటి ప్రసిద్ధ సర్వే, దక్కన్ గడ్డిని అడవి నరికాక మిగిలిన దశగానే చూసింది. వదిలేస్తే మళ్లీ అడవి అవుతుందన్నది దాని అర్థం. ఆ అభిప్రాయం ఇప్పుడు నిలవడం లేదు. పాత మరాఠీ సాహిత్యంలో వచ్చే చెట్టూ చేమల ప్రస్తావనలను వెతికి తీసిన 2025 నాటి అధ్యయనం, పశ్చిమ మహారాష్ట్ర మైదానాలు కనీసం 750 ఏళ్లుగా మైదానాలుగానే ఉన్నాయని తేల్చింది. పోయిన గడ్డినేల తిరిగి రావడం మాటెలా ఉంటుంది? ప్రపంచవ్యాప్త వివరాలతో 2020లో వెలువడిన లెక్క ప్రకారం, దున్ని వదిలేసిన చోట పాత రకాలన్నీ తిరిగి చేరడానికి కనీసం వందేళ్లు, సగటున 1,400 ఏళ్లు పడుతుంది.

కాపరులకు ఈ లెక్కలతో పనిలేదు. దక్కనీ గొర్రె ముతక ఉన్నికి, గొంగళికి పేరు. కురుబలు, గొల్లలు, ధన్‌గర్లు దాన్ని తోలుకుని నెలల తరబడి తిరిగేది ఈ మిట్టల మీదే. పైరు కోసిన పొలంలో రాత్రిళ్లు మంద కట్టించుకుంటే రైతుకు ఎరువు దక్కుతుంది, కాపరికి ధాన్యమో డబ్బో ముడుతుంది. పగలు మేసిన మిట్ట నేల సారం రాత్రికి రేగడి చేలోకి చేరుతుందన్నమాట. బంజరు అని రాసిన చోటి నుంచి పంట నేలకు సాగే ఈ రవాణాను ఏ రికార్డూ లెక్కేయలేదు.

పేరు మార్చితే ఏం జరుగుతుందో రెండు అభయారణ్యాలు చూపుతాయి. షోలాపూర్ దగ్గరి నాన్నజ్‌లో 1979లో బట్టమేక పిట్ట కోసం ఏకంగా 8,496 చదరపు కిలోమీటర్లు ప్రకటించారు. ఊళ్లూ పొలాలూ అందులోనే కలిసిపోవడంతో జనం మండిపడ్డారు. చివరకు అది 1,222కు తగ్గింది. మరోవైపు కర్నూలు జిల్లా రోళ్లపాడులో (ఇప్పుడు నంద్యాల జిల్లా) 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధన సాగింది. 1988లో అక్కడ అభయారణ్యం వచ్చింది, కేవలం 614 హెక్టార్లు. మేత కోసం మైళ్ల కొద్దీ తిరుగుతూ, ఉత్త నేల మీద ఒకే ఒక్క గుడ్డు పెట్టే పక్షికి ఆ జాగా ఒక మూల మాత్రమే. కంచె అవతల మిట్టలు, చేలు కలిస్తేనే దానికి పూర్తి ఇల్లు. సాగునీరు వచ్చి చుట్టూ పంటలు మారాయి, మనుషుల సందడి పెరిగింది. 2010ల నాటికి పిట్ట కనిపించడమే అరుదైపోయింది. కృష్ణజింకలు మిగిలాయి. అవి చేలల్లో పడుతున్నాయని రైతులు రాత్రిళ్లు కాపలా కాస్తున్నారు.

చెట్లు నాటడం ఈ నేలకు ఒక్కటే గండం కాదు. వాటర్‌షెడ్ పనుల పేరిట వరసగా తవ్వే కందకాలు జానెడు మట్టినీ గట్టుగా పోసి, మొరాన్ని ఎండకు వదిలేస్తాయి. లోతైన వాలు నేలలో మేలు చేసే పని ఇక్కడ కీడవుతుంది. పవన విద్యుత్తు, సౌర విద్యుత్తు కూడా ఖాళీగా, చవగ్గా కనిపించే ఈ నేలనే వెతుక్కుంటున్నాయి. 2017లో ఉమ్మడి కర్నూలు జిల్లాలో ప్రారంభమైన వెయ్యి మెగావాట్ల సౌర పార్కుకే దాదాపు ఆరు వేల ఎకరాలు పట్టింది. దేశానికి కరెంటు అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు ‘బంజరులో’ అన్న జవాబు తేలిగ్గా వచ్చేస్తోంది.

ఒక మెలిక మాత్రం ఉంది. పలచటి నేలంతా ఆది నుంచీ గడ్డినేల కాదు. అడ్డూ ఆపూ లేని మేపుతో, ఎడాపెడా దున్నకంతో మట్టి పోగొట్టుకున్న పాత పొలాలూ వాటి పక్కనే ఉంటాయి. అలాంటి చోట సాయం చేయడం అవసరమే. రెంటినీ విడదీయాలంటే మోకాళ్ల మీద కూర్చుని చూడాలి. సెహిమా, డైకాంథియం లాంటి ఏళ్ల తరబడి బతికే గడ్డి దుబ్బులు దట్టంగా ఉంటే అది పాత గడ్డినేల. అరిస్టిడా తప్ప మరేమీ లేకపోతే, గడ్డికీ గడ్డికీ మధ్య నేల గట్టిబడి ఉంటే, అది దెబ్బతిన్న చోటు కావచ్చు. ఉపగ్రహ చిత్రంలో మాత్రం మే నెలలో రెండూ ఒకే గోధుమ రంగు.