నాన్న చేతక్‌కి నేనే మేకప్‌మేన్‌ని!

తెర మీద హీరో డొక్కు బండి చుట్టూ ఒక్క రౌండు తిరుగుతాడు. చొక్కా చేతులు మడుస్తాడు. హుషారైన పాట మొదలు! పల్లవిలో తుప్పు, చరణంలో రంగు... పాట అయ్యేసరికి బండి తళతళ! హీరోయిన్ వెనక సీట్లో రెడీ!

ఆ నాలుగు నిమిషాల పని నాకు 17 రోజులు పట్టింది. అందులో ఒకరోజు ఏడుపొక్కటే తక్కువ. ఇంట్లో పాత బండి మీద కన్నేసిన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ముందు నా కథ వినండి. తర్వాతే డబ్బా మూత తియ్యండి.

పాత ఇనుముకి వేసేద్దామా?

మాది తెనాలి. మా నాన్నగారిది 1986 నాటి బజాజ్ చేతక్. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే గానీ స్కూటరు రాని రోజులవి. ముందు నేను నిలబడితే, వెనక అమ్మ, అమ్మ ఒళ్ళో అక్క. మా ఇంటిల్లిపాదీ చూసిన సెకండ్ షోలన్నీ ఆ బండికి తెలుసు.

నాన్న రిటైరయ్యాక బండి వసారాలో మూల పడింది. సొట్టలు, తుప్పు, మీద కోళ్ళు! మొన్న దసరా ముందు పాత ఇనుమువాడు వచ్చి రెండువేలిస్తానన్నాడు. "ఇచ్చేద్దాంరా. ఇంకెవరు తోలతారు దాన్ని?" అన్నారు నాన్న, బండికేసి చూడకుండా. ఆ చూడకపోవడమే నాకు నచ్చలేదు.

"దసరా దాకా ఆగండి నాన్నా. నేనే రంగు వేస్తా" అన్నాను.

"నువ్వా? పదోక్లాసులో బొమ్మలేస్తే సైన్సు మాస్టారు నన్ను పిలిపించారు, గుర్తుందా?" అని నవ్వి, "సరే. పండగ వెళ్ళాక మాత్రం అడ్డం పడకు" అన్నారు.

అదీ గడువు!

మిలటరీ పచ్చ... తుస్సు!

యుద్ధం సినిమాలు చూసి చూసి నా బుర్రలో ఉన్నది మిలటరీ పచ్చ. విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన పెయింటింగ్ మేస్త్రి దగ్గరికెళ్ళి చెప్పాను. ఆయన బీడీ పక్కన పడేసి, "బాబూ, ఆ పచ్చ సైన్యానిది. మనం వేస్తే బండి స్టేషన్లో ఉంటుంది" అన్నారు. నిజమే! 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఇదే చెబుతుంది. రక్షణ శాఖ బండ్లకు తప్ప ఇంకెవరికీ ఆలివ్ గ్రీన్ రంగు పనికిరాదు. వేరే రంగైనా సరే, ఆర్‌సీలో రాసిన రంగు మారుతుంటే రవాణా శాఖ ఆఫీసులో చెప్పి, ఆర్‌సీలో ఎక్కించుకోవాల్సిందే.

ఇంటికొచ్చి ఆర్‌సీ తీసి చూశాను. రంగు: నీలం. బండి చూస్తే మెరూన్! ఇదేం మెలిక? అది ఇంటర్వెల్ తర్వాత చెబుతా.

డ్యూకో - సినిమా రీలుకి తోబుట్టువు

మేస్త్రి నాకు వెయ్యమన్నది డ్యూకో. షెడ్ల బోర్డుల మీద మీరూ చూసే ఉంటారు ఈ పేరు. మన పత్రిక పాఠకులకు దీని జాతకం చెప్పకపోతే పాపం!

ఒకప్పుడు కారుకి రంగు వేసి ఆరబెట్టాలంటే వారాలు పట్టేది. ఫోర్డు వారి మోడల్ టి 1914 నుంచి 1925 దాకా నలుపులోనే వచ్చిందంటే, నలుపు తొందరగా ఆరడం దానికో కారణమంటారు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ వాళ్ళు సినిమా ఫిల్ము మీద పరిశోధన చేస్తుండగా 1920లో కొత్త దారి దొరికింది. ఫిల్ము చేసే నైట్రోసెల్యులోజ్‌ని పల్చటి పాకంలా మార్చొచ్చని తేలింది. అందులో రంగు కలిపితే వారాల పని గంటల్లోకి వచ్చింది. అదే డ్యూకో. జనరల్ మోటార్స్ వాళ్ళు 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు అది వేశారు. ఏ రంగనుకున్నారు? నీలం!

అంటే రీలూ, ఈ రంగూ ఒక తల్లి బిడ్డలే. గుణం కూడా ఒకటే - నిప్పు చూపిస్తే భగ్గుమంటాయి. 1988లో వచ్చిన ఇటలీ సినిమా 'సినిమా పారడీసో'లో ప్రొజెక్టర్ గదిలో రీలు అంటుకుని ఆపరేటరు కళ్ళు పోతాయి, చూశారా? 1950ల మొదటి దాకా రీళ్ళు ఆ రకానివే. అందుకే నేను ముందు టాంకులో పెట్రోలు తీయించాను. వంటింటి వైపు తలుపు మూశాను. అగ్గిపెట్టె ఉన్నవాణ్ణి దొడ్లోకి రానివ్వలేదు.

మేకప్ కింద మొహం

"రంగు ఒక్కపూట పని. రంగు కింద పని పది రోజులు" అన్నారు మేస్త్రి. మేకప్‌మేన్ కూడా ముందు మొహం కడిగి, బేస్ వేశాకే కదా పైపూత వేసేది! ఇదీ అంతే.

డిక్కీలు, లైటు, సీటు విప్పాను. జిడ్డు పోయేదాకా సర్ఫు నీళ్ళతో కడిగాను. తుప్పుని 120 నంబరు కాగితంతో మెరుపు కనబడేదాకా గీకి, 220తో నునుపు చేశాను. సొట్టల్లో పుట్టీ పల్చగా పొరమీద పొర వెయ్యాలి. ఒకేసారి లావుగా మెత్తితే పగులుతుంది. ఆరాక 320, 400 వాటర్ పేపరుతో తడిపి రుద్దాలి. కన్నుని నమ్మకండి, కళ్ళు మూసుకుని అరచేత్తో నిమిరి చూడండి. ఎత్తుపల్లాలు చెయ్యి చెబుతుంది. ఇనుము బయటపడ్డ చోట తడి ఉంచి పడుకున్నారో, తెల్లారేసరికి మళ్ళీ తుప్పే! బాగా ఆరబెట్టి ప్రైమరు రెండు పూతలు, దాని మీద 600 కాగితం.

తుప్పున్న చోట గీకాను గానీ, గట్టిగా ఉన్న మెరూన్ రంగుని ఎందుకు గీకాలని వదిలేశాను. అక్కడే నా సినిమా ఫ్లాపయింది!

ఏనుగు చర్మం!

ఎనిమిదో రోజు. స్నేహితుడి దగ్గర కంప్రెసరూ, గన్నూ తెచ్చాను. ఎడమ డిక్కీ మీద ప్రైమరు కొట్టాను. ఐదు నిమిషాలు... పైపొర ముడుచుకుపోయింది! కాసేపటికి డిక్కీ అంతా ఏనుగు చర్మం.

ఫోన్లో మేస్త్రి ఒకటే మాట అడిగారు: "కింద ఎనామిలుందేమో చూశావా?" తెల్లటి గుడ్డని థిన్నర్లో ముంచి పాత రంగు మీద ఒక మూల పెట్టి చూడాలట. రంగు కరిగి గుడ్డకంటితే డ్యూకో. ముడతపడి లేస్తే ఎనామిలు. ఎనామిలు మీద డ్యూకో నిలవదు, అందులోని థిన్నరు కింది పొరని లేపేస్తుంది. చూడాల్సింది నేను. చూడలేదు.

వసారా మెట్టు మీద కూలబడ్డాను. నాన్న వచ్చి డిక్కీ చూశారు. తర్వాత మా ఇంటి గేటుకేసి చూశారు. గేటుదీ మెరూనే!

"మీ అక్క పెళ్ళికి గేటుకి వేయించగా అరడబ్బా మిగిలిందిరా... పారబొయ్యడం ఎందుకని..." అని నసిగారు.

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు. నవ్వుతూనే పంచె ఎగ్గట్టి, బక్కెట్ ముందు కూర్చుని, "ఏదీ, ఆ కాగితం ఇటివ్వు" అన్నారు.

నాలుగు రోజులు ఇద్దరం గీకాం. పెళ్ళి మెరూన్ పోయింది. దాని కింద నీలం! ముందు డిక్కీ మూత లోపలివైపు ఎండ తగలక ఆ నీలం కొత్తదానిలాగే ఉంది. "ఇదిరా దీని అసలు రంగు. నిన్ను మొదటిసారి ఎక్కించుకున్నప్పుడు ఇదే" అన్నారు నాన్న. ఆ మూతే రంగుల షాపుకి పట్టుకెళ్ళి, సరిగ్గా దానికి కలిపించాను. ఆర్‌సీలో ఉన్నదీ అదే కాబట్టి ఏ ఆఫీసుకీ వెళ్ళే పనిలేదు.

గన్ను పట్టిన పూట

వాన లేని రోజు చూసుకున్నాం. గాలిలో తేమ ఉంటే డ్యూకో మీద పాలపొర లాంటి తెలుపు తేలుతుంది. దుమ్ము లేవకుండా నేల తడిపాం. వేయకూడని చోటల్లా పాత పేపర్లు, టేపు. గన్ను 15, 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, మణికట్టు తిప్పకుండా చెయ్యంతా తిన్నగా జరపాలి. ప్రతి వరసా ముందు వరసని సగం కప్పాలి. పల్చగా నాలుగు పూతలు, పూతకీ పూతకీ మధ్య 10, 15 నిమిషాలు. ఆశపడి ఒక్క చోట ఆగారో, కన్నీటి చారలే!

ముక్కుకి జేబురుమాలు చాలదు. థిన్నరు ఆవిరిని ఆపే బొగ్గు ఫిల్టరు మాస్కు కొనండి. హార్డనరు కలిపే రెండు డబ్బాల రంగుల జోలికి మాత్రం ఇంట్లో వెళ్ళకండి. అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకి పట్టి ఆస్తమా తెచ్చిపెడతాయి. అవి షెడ్డు వాళ్ళ పని.

వారం ఆరనిచ్చి, 2000 కాగితంతో తడిపి రుద్ది, పాలిష్ పెట్టాం. బోరు చేయను గానీ, ఎడమ డిక్కీ మీద ఒక చార మిగిలిపోయింది. గీకేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు.

పండగ వెళ్ళింది. పాత ఇనుమువాడు వచ్చాడు. గేటు దగ్గర నాన్న చేతక్‌ని అలవాటుగా ఒక పక్కకి వంచి, రెండు కిక్కులు కొట్టారు. డుగ్‌డుగ్‌మంది. "ఎక్కరా, సెకండ్ షో టైమవుతోంది" అన్నారు నాతో.

హాలు దగ్గర పార్కింగ్ కుర్రాడు "కొత్తగా రంగేయించారా సార్?" అంటే, నాన్న ఆ చార మీదే వేలు పెట్టి, "మావాడు వేశాడు" అన్నారు.

శుభం!