సెలవులకి ఏరు దాటే ముందు

దసరా సెలవులొస్తున్నాయి. మనలో కొందరికి బస్సు దిగినా ప్రయాణం అయిపోదు, ఏరు దాటాలి. కొమరాడ మండలంలో నాగావళి అవతల ఊళ్లవాళ్లు పూర్ణపాడు - లాబేసు వంతెన కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ నాటుపడవల మీదే తిరిగారు. అందుకే ఈ వ్యాసం.

ముందు ఏటిని తెలుసుకోవాలి. నాగావళి ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా పార్వతీపురం వైపు దిగి, కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పొడవు సుమారు 256 కిలోమీటర్లు. పైన కొండల్లో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తున్నా నీరు పెరుగుతాది. "మన ఊళ్లో చినుకు లేదు కదా" అనుకోకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానప్పుడు వంశధార కూడా ఒడిశా కొండల వాననీటితోనే పొంగింది.

నీరు ఎర్రబడినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొచ్చినా ఏరు పెరుగుతున్నట్టే. ఒడ్డున ఒక కర్ర పాతి కాసేపు చూడండి, తెలిసిపోతాది. నీటి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది.

తెల్లగా నురగ లేచేచోట సాధారణంగా అడుగున రాయి ఉంటుంది. రాయి వెనక నీరు వెనక్కి తిరిగి సుడి కడుతుంది. రెండు రాళ్ల మధ్య నున్నగా నాలుకలా కిందికి సాగే నీరే పడవకి దారి. పడవ నడిపే మావకి ఇవన్నీ బడికెళ్లకుండానే తెలుసు. ఆయన వద్దంటే వద్దు.

నిరుడు మేం ఆయన మాట వినలేదు. బేగి ఇంటికెళ్లాలని పదకొండుమంది ఒకేసారి ఎక్కేశాం. పడవ రాయికి తగిలి ఒరిగింది. నా పుస్తకాల సంచి పోయింది. ప్రాణాలు మిగిలాయి. తప్పు మాదే.

గుర్తుంచుకోవలసినవి:

1. పగలే దాటాలి. చీకటి పడితే ఇవతలే ఆగిపోవాలి.
2. మావ చెప్పినంతమందే ఎక్కాలి. పడవలో నిలబడకూడదు.
3. లైఫ్ జాకెట్ ఉంటే తప్పక కట్టుకోవాలి. సంచి మెడకి తగిలించుకోకూడదు.
4. నీటిలో పడితే వెల్లకిలా తేలుతూ, కాళ్లు ప్రవాహం వెళ్లేవైపు పెట్టాలి. జోరు నీటిలో నిలబడబోతే కాలు రాళ్లలో ఇరుక్కుంటుంది.
5. ఎప్పుడు బయలుదేరుతున్నామో ఇంటికి ముందే కబురు పంపాలి.

వార్డెన్ సారూ! ఏరు పొంగినరోజు ఆ ఊళ్ల పిల్లల్ని ఇంకో రాత్రి హాస్టల్లో ఉండనివ్వండి. ఒక పూట ఆలస్యమైతే అమ్మ గుమ్మంలో ఎదురుచూస్తాది, అంతే కదా!