గుట్టు రట్టు రికార్డులు

వికీలీక్స్ కథతో హాలీవుడ్ 2013లో తీసిన థ్రిల్లర్ 'ది ఫిఫ్త్ ఎస్టేట్'. ప్రభుత్వాల రహస్యాలను ఇంటర్నెట్‌లో కుమ్మరించిన జూలియన్ అసాంజ్‌గా బెనెడిక్ట్ కంబర్‌బాచ్, అతనితో చెడి బయటికొచ్చేసిన సహచరుడిగా డేనియల్ బ్రూల్ నటించారు. 2 కోట్ల 80 లక్షల డాలర్లు పోసి తీస్తే, ప్రపంచమంతా కలిపి కోటి డాలర్లు కూడా వెనక్కి రాలేదు. ఫోర్బ్స్ పత్రిక ఆ ఏటి ఫ్లాపుల్లో మొదటి స్థానం దీనికే కట్టబెట్టింది. నటించవద్దని అసాంజ్ ముందే కంబర్‌బాచ్‌కు ఉత్తరం రాశాడు. సినిమా విడుదలకు ముందే స్క్రిప్టు ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. లీక్ చేసింది ఎవరనుకున్నారు? వికీలీక్సే! పోటీగా 'మీడియస్తాన్' అనే సొంత డాక్యుమెంటరీని కూడా వదిలింది.

సినిమా ఆడకపోవడానికి నాకు తోచే కారణం ఒకటే. ఈ రంగంలో జరిగిన సంగతుల ముందు ఏ స్క్రీన్‌ప్లే అయినా చప్పగానే ఉంటుంది. ఇంకో గమ్మత్తు, ఎంతటి రాజ్య రహస్యమైనా ఏదో ఒక చవక వస్తువు దగ్గరే జారిపోవడం.

రెండున్నర లక్షల కేబుళ్లు, ఒక పాటల సీడీ

2010 నవంబర్ 28 నుంచి వికీలీక్స్ బయటపెడుతూ వచ్చిన అమెరికా దౌత్య కేబుళ్ల (రాయబార కార్యాలయాల అంతర్గత సందేశాల) సంఖ్య 2,51,287. అంతకు నెల ముందు వచ్చిన ఇరాక్ యుద్ధ నివేదికలు 3,91,832. ఇవన్నీ చేరవేసింది 22 ఏళ్ల సైనికురాలు చెల్సీ మానింగ్. ఇరాక్‌లోని అమెరికా స్థావరంలో 'లేడీ గాగా' అని రాసిన సీడీని కంప్యూటర్లో పెట్టి, పాటలు చెరిపేసి ఫైళ్లు ఎక్కిస్తూ, పాట వింటున్నట్టు పెదాలు కదిపేదట. ఈ సంగతి ఆన్‌లైన్ చాట్‌లో ఒక హ్యాకర్‌కు చెప్పుకుంది. అతను వెళ్లి అధికారులకు చెప్పాడు. సైనిక కోర్టు 35 ఏళ్ల శిక్ష వేసింది. ఒబామా దిగిపోయే ముందు తగ్గించడంతో 2017 మేలో విడుదలైంది.

ఆ కేబుళ్లను పత్రికలు పేర్లు కొట్టేసి, కొద్దికొద్దిగా అచ్చువేస్తున్నాయి. ఈలోగా 2011లో గార్డియన్ విలేకరులిద్దరు వికీలీక్స్ మీద ఒక పుస్తకం రాసి, మొత్తం ఫైలు తెరిచే పాస్‌వర్డును అందులో అచ్చు వేసేశారు! అది తాత్కాలికమని తమకు చెప్పారని వాళ్లు, కాదని వికీలీక్స్. ఆ సెప్టెంబర్‌కల్లా కేబుళ్లన్నీ పేర్లతో సహా బజారున పడ్డాయి. 'ది ఫిఫ్త్ ఎస్టేట్' తీయడానికి ఆధారం చేసుకున్న రెండు పుస్తకాల్లో ఇదొకటి. ఇంత మంచి మలుపు చేతిలో పెట్టుకుని సినిమాను అలా తీశారు మరి.

మన దేశానికి సంబంధించిన సుమారు 5,100 కేబుళ్లు 2011 మార్చిలో 'ది హిందూ'కు అందాయి. 2008 విశ్వాస పరీక్షలో ఓట్ల కొనుగోలుకు సంబంధించిన కేబుల్ మీద పార్లమెంటు అట్టుడికిపోయింది.

చిన్న వయసు సహాయకులు

ఇంటర్నెట్ లేని రోజుల్లో లీకు ఒళ్లొంచి చేయాల్సిన పని. వియత్నాం యుద్ధంపై పెంటగాన్ రాయించుకున్న చరిత్ర 47 సంపుటాలు, 7 వేల పేజీలు. డేనియల్ ఎల్స్‌బర్గ్ 1969లో రాత్రిళ్లు తెలిసినవాళ్ల ఆఫీసులో కూర్చుని ఒక్కో పేజీ జిరాక్స్ తీశాడు. పదమూడేళ్ల కొడుకు మెషిన్ దగ్గర సాయం చేస్తే, పదేళ్ల కూతురు కాగితాల మీది 'టాప్ సీక్రెట్' ముద్రలను కత్తెరతో కత్తిరించింది. అలారం పొరపాటున మోగి పోలీసులు వచ్చినా, ఆఫీసు పని అనుకుని వెళ్లిపోయారు. ఎల్స్‌బర్గ్‌కు 115 ఏళ్ల దాకా శిక్ష పడే కేసు పెట్టారు కానీ, ప్రభుత్వమే అతని మీద అక్రమాలకు పాల్పడిందని తేలడంతో 1973లో జడ్జి కొట్టేశారు. పత్రికల్లో వచ్చేసిన ఆ పత్రాలపై అమెరికా పూర్తిగా రహస్య ముద్ర ఎత్తేసింది మాత్రం 2011లో, అంటే అవి అచ్చయిన నలభై ఏళ్లకు.

స్పెల్లింగ్ దిద్దడం వల్ల

ఇరాక్‌పై యుద్ధానికి అమెరికాకు ఐక్యరాజ్య సమితిలో ఓట్లు కావాలి. ఊగిసలాడుతున్న దేశాల ప్రతినిధులపై నిఘా పెట్టడానికి సాయపడమని అమెరికా నిఘా సంస్థ నుంచి బ్రిటన్‌కు ఒక ఈమెయిల్ వచ్చింది. బ్రిటన్ నిఘా సంస్థలో అనువాదకురాలు కాథరిన్ గన్ దాన్ని బయటికి చేరవేసింది. 2003 మార్చి 2న 'ది అబ్జర్వర్' మొదటి పేజీలో వేసింది. కానీ అచ్చుకు ముందు ఆఫీసులో ఎవరో అలవాటు కొద్దీ అమెరికన్ స్పెల్లింగులను బ్రిటిష్ స్పెల్లింగులుగా మార్చేశారు. దాంతో 'అమెరికావాడు ఇలా రాస్తాడా, ఇది దొంగ ఉత్తరం' అంటూ ప్రత్యర్థులు ఎగిరి పడ్డారు. అసలు ఉత్తరం నిజమేనని తేలేసరికి పత్రిక పరువు కొంత పోనే పోయింది. గన్‌పై పెట్టిన కేసు మాత్రం 2004 ఫిబ్రవరిలో అరగంటలో ముగిసింది. సాక్ష్యాలు చూపబోమని ప్రభుత్వమే చేతులెత్తేసింది. 2019లో వచ్చిన 'అఫీషియల్ సీక్రెట్స్' ఈమె కథే. ఈ కోవలో ఒక్క సినిమానే చూడగలిగితే ఇదే చూడండి.

మరికొన్ని

లండన్‌లోని ఈక్వడార్ దౌత్య కార్యాలయంలో తలదాచుకున్న అసాంజ్ 2012 జూన్ నుంచి 2019 ఏప్రిల్ దాకా, దాదాపు ఏడేళ్లు గడప దాటలేదు. బయట కాపలాకే పోలీసులకు కోటి పౌండ్లకు పైగా అయింది. తర్వాత జైలు, జైల్లోనే పెళ్లి, చివరికి 2024 జూన్‌లో పసిఫిక్ దీవి సైపాన్‌లో నేరం ఒప్పుకుని స్వదేశం ఆస్ట్రేలియా చేరాడు.

2013 జులైలో మాస్కో నుంచి బయల్దేరిన బొలీవియా అధ్యక్షుడి విమానాన్ని కొన్ని యూరప్ దేశాలు తమ గగనతలంలోకి రానివ్వలేదు. వియన్నాలో దిగాల్సి వచ్చింది. అమెరికా నిఘా రహస్యాలను బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ లోపల ఉన్నాడని అనుమానం. అతను మాస్కో విమానాశ్రయంలోనే ఉన్నాడు! అదే నెల లండన్‌లో గార్డియన్ సిబ్బంది స్నోడెన్ ఫైళ్లున్న కంప్యూటర్ భాగాలను నిఘా అధికారుల ఎదుటే గ్రైండర్లతో ముక్కలు చేయాల్సి వచ్చింది. అమెరికాలో కాపీలున్నాయని చూసేవాళ్లకూ తెలుసు, చేసేవాళ్లకూ తెలుసు.

వాటర్‌గేట్ కుంభకోణాన్ని తవ్విన విలేకరులకు ఉప్పందించిన 'డీప్ త్రోట్' ఎవరో ముప్పై ఏళ్లకు పైగా తెలియలేదు. ఎఫ్‌బీఐలో రెండో స్థానంలో పనిచేసిన మార్క్ ఫెల్ట్ 2005లో, 91 ఏళ్ల వయసులో, అది తానేనని ఒప్పుకున్నాడు.

పాత చట్టం, పడకేసిన చట్టం

నౌకాదళ అధిపతి అక్రమాలపై ఫిర్యాదు చేసి జైలుపాలైన ఇద్దరు నావికుల కోసం అమెరికన్ కాంగ్రెస్ 1778 జులై 30న తీర్మానం చేసింది. తప్పు తెలిస్తే వెంటనే చెప్పడం ప్రతివాడి విధి అంది, కోర్టు ఖర్చులూ భరించింది. దేశానికి రాజ్యాంగం రాకముందు మాట ఇది.

మన దగ్గర ఈ కథ బిహార్‌లోని గయలో మొదలైంది. జాతీయ రహదారి పనుల్లో అవినీతిపై ఇంజనీరు సత్యేంద్ర దూబే ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాశాడు. తన పేరు బయట పెట్టవద్దని వేడుకున్నాడు. పేరు దాగలేదు. ఉత్తరం ఫైళ్లలో చేతులు మారింది. 2003 నవంబర్ 27న గయలో అతన్ని కాల్చి చంపారు. ఆ తర్వాత 2004లో ఇలాంటి ఫిర్యాదుదారుల రక్షణకు కేంద్రం ఒక తీర్మానం తెచ్చింది. 2014లో విజిల్ బ్లోయర్ల (అక్రమాలను బయటపెట్టేవాళ్ల) రక్షణ చట్టానికి రాష్ట్రపతి సంతకం కూడా పడింది. పదేళ్లు దాటినా అది అమల్లోకి రాలేదు.

కాబట్టి ఇప్పటికీ దిక్కు ఆ 2004 తీర్మానమే. కేంద్ర ప్రభుత్వ శాఖల్లో, సంస్థల్లో అవినీతి మీ కంటపడితే కేంద్ర విజిలెన్స్ కమిషన్ కార్యదర్శికి రాయండి. కవరు అంటించి, పైన 'Complaint under The Public Interest Disclosure' (ప్రజాహిత వెల్లడి కింద ఫిర్యాదు) అని స్పష్టంగా రాయాలి. పేరు, చిరునామా లోపలి ఉత్తరంలోనే ఉండాలి. ఆకాశరామన్న ఉత్తరాలను పట్టించుకోరు. కవరు మీద మాత్రం మీ పేరు వేయకండి.