కంప్యూటరు తెరపై భూగోళము

ఋణముల లెక్కకో ఎరువుల కొరకో సంఘ కార్యాలయమునకు వచ్చు రైతు సోదరులు గుమాస్తాగారి బల్లమీది కంప్యూటరును చూచియే యుందురు. పని లేనివేళ దాని తెరపై ఏ కొండయో, పూలతోటయో కనబడుచుండును. ఆ బొమ్మకు బదులు మనము నివసించు భూమి రూపమునే చూపు ఉపాయమొకటి కలదు. దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

జపాను వాతావరణ శాఖవారి ‘హిమవారి-8’ అను ఉపగ్రహము 2014వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన అంతరిక్షమునకు పోయినది. హిమవారి యన జపాను భాషలో పొద్దుతిరుగుడు పువ్వు. భూమధ్యరేఖకు పైన సుమారు 35,800 కిలోమీటర్ల యెత్తున, భూమితో సమముగా తిరుగుటచే అది ఒకేచోట నిలిచినట్లుండును. 2022 డిసెంబరులో దాని పనిని తోడియగు హిమవారి-9 చేపట్టినది. పది నిమిషముల కొకసారి తనవైపునకు కనబడు భూభాగము నంతటిని చిత్రించుట వీని పని.

ఈ చిత్రములు ఇంటర్నెట్టులో ఉచితముగా లభించును. వానిని తెచ్చుటకై కొందరు నేర్పరులు చిన్న స్క్రిప్టును వ్రాసి యెల్లరకు పంచిపెట్టిరి. స్క్రిప్టు అనగా యంత్రము వరుసగా చేయవలసిన పనుల జాబితా. పెద్ద చిత్రము చదరపు ముక్కలుగా నుంచబడును. స్క్రిప్టు మొదట కడపటి చిత్రము తీసిన వేళను కనుగొని, పిదప ముక్కలను దింపుకొని, నేలపై బండలు పరచినట్లు కూర్చును. వరుసకు నాలుగు చొప్పున నాలుగు వరుసలు, మొత్తము పదునారు ముక్కలైనను తెరకు చాలును. తుదకు ఆ చిత్రమును తెరపై పటముగా తగిలించును. ఈ పని తనంతట తానే మరల మరల జరుగునట్లు ఏర్పరుపవచ్చును.

ఇంతవరకు వేడుక. ఇక జాగ్రత్త. హిమవారి తూర్పు రేఖాంశము 140.7 డిగ్రీల వద్ద నున్నది. మన తెలుగునేల 80 డిగ్రీల ప్రాంతమున నున్నది. కాన ఆ చిత్రములో మనము పడమటి యంచున వాలుగా కనబడుదుము. రాత్రివేళ రంగుల చిత్రమున మబ్బును పోల్చుట కష్టము. అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి. ఇంటర్నెట్టు తెగినచో పాత పటమే తెరపై నిలిచిపోవును. చూచువానికి ఆ సంగతి తెలియదు. నిన్నటి నిర్మలాకాశమును నేటిదని నమ్మి వరి కోయించినవాని గతి యేమి? కావున చిత్రము తీసిన వేళను తప్పక చూడవలెను. అది గ్రీనిచ్ కాలమున నున్నచో 5 గంటల 30 నిమిషములు కలుపుకొనవలెను.

మబ్బును చూచుట వేరు, గాలి యెటు మరలునో లెక్కించుట వేరు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది జనులు మడసిరి. ఆ దుఃఖమును మన తీరవాసులు మరువలేరు. మన దేశమునకు ఇన్సాట్ ఉపగ్రహములు కలవు. వాని చిత్రములతోపాటు రాడారుల కొలతలను కూడ పరిశీలించి వాతావరణ శాఖవారు హెచ్చరికలు ప్రకటించుచున్నారు. విశాఖపట్టణమున తుపాను హెచ్చరిక కేంద్రము గలదు.

తెరపై భూగోళమును చూచి పిల్లలు భూగోళ శాస్త్రము నేర్చుకొందురు గాక. పెద్దలు ఆనందింతురు గాక. కోతకును, నూర్పిడికిని, వేటకును మాత్రము హెచ్చరికనే ప్రమాణముగా గైకొనవలెనని మా మనవి.