పికప్పు బండ్ల పందేలు – నల్లరేగడిలో ట్రాక్టరు

నంద్యాల నుండి ఆళ్లగడ్డ పోవు దారిలో ధాన్యపు బస్తాలతో పోవు చిన్న సరుకుల బండ్లను మీరు నిత్యము చూచుచున్నారు. ముందు ఇద్దరు కూర్చొను తావు, వెనుక సరుకు తొట్టి. దీనినే పికప్పు అందురు. అమెరికాలో ఫోర్డు కంపెనీ 1925లో తన మోడల్ టి కారుకు ఇట్టి తొట్టి అమర్చి 281 డాలర్లకు అమ్మినది. ఇంజను బలము 20 అశ్వశక్తి. అక్కడి రైతులకు ఆ బండి ఎంతో అక్కరకు వచ్చినది.

ఆ బండ్లు పాతబడి చౌకైన తరువాత కుర్రవాళ్ల చేతికి వచ్చినవి. 1930 తరువాతి ఆర్థిక మాంద్యములో కొత్త బండి కొనగలవారు తక్కువ. కాలిఫోర్నియా యువకులు పాత కార్లు, పికప్పులు కొని, మడ్‌గార్డులు, బానెట్టు, ముందు అద్దము ఊడదీసి బరువు తగ్గించిరి. ఫోర్డు వారు 1932లో తెచ్చిన 65 అశ్వశక్తి వి-8 ఇంజనును పాత చట్రములలో బిగించిరి. మురాక్ వంటి ఎండిన సరస్సుల అడుగున పరుగు పందేలు పెట్టుకొనిరి. 1937లో దక్షిణ కాలిఫోర్నియాలో దీనికొక సంఘము కూడ ఏర్పడినది. ఈ బండ్లకే తరువాత హాట్ రాడ్ అను పేరు స్థిరపడినది. పందెపు బండిని లాగుకొని పోవుటకు, వెనుకనుండి తోసి స్టార్టు చేయుటకు కూడ పికప్పులనే వాడెడివారు.

1950లో శాంటా ఆనా విమానాశ్రయములో నిలిచిన చోటునుండి ఒక్కసారిగా దూకించు పందేలు మొదలైనవి. అట్టి పందేలకు పావు మైలు, అనగా 1320 అడుగుల దూరము వాడుకలోకి వచ్చినది. ఇక్కడనే పికప్పు గుట్టు బయటపడినది. తొట్టి ఖాళీ, బరువంతా ముందుభాగమున. ఇంజను ఎంత బలమైనదైనను వెనుక చక్రములు ఉన్నచోటనే తిరుగును. అందుచే కొందరు ఇంజనును వెనుకకు జరిపిరి, కొందరు తొట్టిలో బరువు వేసిరి, మెత్తని వెడల్పు టైర్లు తొడిగిరి.

ఈ కథ మీకెందుకందురా? మన తిరునాళ్లలో బండలాగు ఎద్దును చూడుడు. మెడ వంచి, గిట్ట నేలలో దిగిన తరువాతనే బండ కదలును. నల్లరేగడిలో ట్రాక్టరు సంగతియు అంతే. పొడి దుక్కిలో చక్రము జారుచున్నచో వెనుక చక్రములకు బరువులు బిగింపవచ్చును, టైర్లలో నీరు నింపవచ్చును. కె.సి. కాలువ క్రింది వరి మడిలో మాత్రము బరువు పెంచినచో బండి మరింత దిగబడును. అక్కడ దమ్ము చక్రములే శరణ్యము.

పందెములో ముందు చక్రములు గాలిలోకి లేచినచో జనము చప్పట్లు కొట్టుదురు. పొలములో అదే జరిగినచో మనిషి ప్రాణము పోవును. ఆళ్లగడ్డ వైపు ఒక మడిలో దిగబడిన ట్రాక్టరుకు, అందరి సలహాపై, గొలుసును పైలింకు కొక్కెమునకు తగిలించుట నేను చూచితిని. డ్రైవరు క్లచ్చి వదలగానే ముక్కు జానెడు లేచినది. అతడు వెంటనే క్లచ్చి తొక్కినాడు గనుక సరిపోయినది. ఇట్లు లేచిన ట్రాక్టరు ముప్పాతిక సెకనులోనే ఇక ఆపశక్యముగాని స్థితికి చేరగలదు. అంత వేగముగా కాలు కదిలించువారు ఎందరు?

కావున లాగు గొలుసును క్రిందనున్న డ్రాబారుకే కట్టవలెను. వెనుక ఇరుసుకన్న ఎత్తున ఎన్నడును కట్టరాదు. దిగబడిన చక్రమునకు దుంగ కట్టి ముందుకు నడుపుట మన ప్రాంతములో వాడుకగా ఉన్నది. ఇది మరీ ప్రమాదము: చక్రము తిరుగజాలక, ట్రాక్టరే ఇరుసు చుట్టు వెనుకకు తిరుగబడును. మొదట చక్రముల వెనుక బురద త్రవ్వి, నెమ్మదిగా రివర్సు గేరులో వెనుకకు రావలెను. రానిచో నాగలినో ట్రాలీనో విడదీసి, గట్టినేలపై నిలిపిన రెండవ ట్రాక్టరుతో పొడుగు గొలుసు వేసి లాగించవలెను. గొలుసు తెగినచో ఎగిరి తగులును గనుక, లాగునంతసేపు పిల్లలను గట్టు మీదనుండి కూడ దూరముగా పంపవలెను.