సూడోమోనాస్ పేరు వింటే ఉలిక్కిపడ్డాను

"మిరప విత్తనాలకు సూడోమోనాస్ పట్టించానక్కా" అని తమ్ముడు ఫోన్లో చెప్పగానే నా గుండె గుభేలుమంది. నాలాగా ఇక్కడ కువైట్‌లో నర్సులుగా చేస్తున్న మీకు వేరే చెప్పక్కర్లేదు. వార్డులో ఆ పేరు వింటే కాలిన గాయాలు, వెంటిలేటర్ మీదున్న పేషెంట్లే గుర్తొస్తారు. "చేతులు కడుక్కున్నావా?" అని కేకలేశాను. వాడు నవ్వాడు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. మనల్ని భయపెట్టేది ఎరుజినోసా. వాడు వాడింది ఫ్లోరోసెన్స్. ఇంటిపేరు ఒకటే, గుణాలు వేరు. ఇది మట్టిలో, మొక్కల వేళ్ల దగ్గర బతుకుతుంది. 25 నుంచి 30 డిగ్రీల వేడి దానికి హాయి, మన ఒంటి వేడికి సరిగా పెరగదు. అయినా బాగా నీరసించిన రోగులకు అరుదుగా ఇదీ సోకుతుంది. అందుకే గ్లవ్స్, మాస్కు, సబ్బు అని వాణ్ణి ఇంకా సతాయిస్తూనే ఉన్నాను.

ఇది వేరు చుట్టూ ముందే చోటు పట్టేస్తుంది. మట్టిలోని ఇనుమును తెగులు బూజుకు అందకుండా లాగేసుకుంటుంది. ఆ బూజును అణిచే పదార్థాలు వదులుతుంది. మొక్క ఒంట్లో రక్షణను కూడా తట్టిలేపుతుంది, మన టీకాలాగా అనుకోండి.

నిరుడు మా వాళ్ల మడిలో సగం నారు కుళ్లి పడిపోయింది. నేను పంపిన డబ్బుతోనే మళ్లీ విత్తనాలు కొన్నారు. ఈ పొడి అప్పుడూ వేశాడండీ, కాకపోతే నారు వాలిపోయాక! పైగా అదే రోజు కాపర్ ఆక్సీక్లోరైడ్ పోశాడు. బతికున్న బ్యాక్టీరియా మీద రాగి మందు పోస్తే ఏం మిగులుతుంది? స్ట్రెప్టోమైసిన్ కలిపినా అంతే. యాంటీబయాటిక్ వేసుకున్నాక మన కడుపు పాడైనట్టే.

ఈసారి కిలో విత్తనానికి 10 గ్రాముల పొడి పట్టించి, నీడలో ఆరబెట్టి చల్లాడు. పొలానికి ఎకరాకు కిలో పొడి, 20 కిలోల మాగిన పశువుల ఎరువులో కలిపి వేస్తాడట. ఆకుముడత వైరస్‌కు మాత్రం ఇది మందు కాదు, ఆ ఆశ పెట్టుకోకండి.

మీవాళ్లు కొంటుంటే ప్యాకెట్ మీద గడువు తేదీ ఫొటో తీసి పంపమనండి. ఎండలో పెట్టి అమ్మే కొట్లో అస్సలు కొనొద్దనండి.

నిన్న వీడియో కాల్లో మడి చూపించాడు. అక్కడక్కడా ఖాళీలున్నాయి కానీ, నారు నిలబడింది.