పంచుకుంటూ చూసే టీవీ

గత ఏడాది సొసైటీ సభ ముగిశాక, గల్ఫ్‌లో ఉన్న దాతలు కొందరు "ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపిస్తే మేమూ చూసేవాళ్లం గదా" అన్నారు. అందరి కంప్యూటర్లూ కలిసి ప్రసారం చేసుకునే సాఫ్ట్‌వేర్ ఉందట, దానికి డబ్బు మేమిస్తామని బాపట్ల నుంచి మరొకరు ముందుకు వచ్చారు. తెనాలిలో బడిపంతుళ్లం గనుక, అదేమిటో చూసి చెప్పమని ఆ పని మాకు అప్పగించారు.

మామూలు పద్ధతిలో ఒకే సర్వర్ అందరికీ పంపాలి. ఒక్కరికి సెకనుకు 1 మెగాబిట్ అనుకుంటే, వెయ్యి మందికి వెయ్యి మెగాబిట్లు. జనం పెరిగితే ఖర్చూ పెరుగుతుంది.

ఈ కొత్త పద్ధతి మన డెల్టా రైతుకు తెలిసినదే. ప్రకాశం బ్యారేజీ నీటికి ప్రతి మడికీ వేరే తూము ఉండదు. పై మడి నిండాక గండి తీసి కింది మడికి వదులుతాం. ఇక్కడ తేడా ఏమిటంటే, ఇచ్చినవాడికి తరగదు, పైవాడు కిందివాడు అనేదీ లేదు. దృశ్యాన్ని చిన్న ముక్కలుగా కోసి వాటికి నంబర్లు వేస్తారు. మన కంప్యూటర్ ముందుగా ఒక కేంద్రాన్ని అడిగి, ఇప్పుడు చూస్తున్నవారి చిరునామాలు తెచ్చుకుంటుంది. ఎవరి దగ్గర ఏ ముక్కలున్నాయో వాళ్లలో వాళ్లు చెప్పుకుంటారు. తనకు లేనిది అడిగి తీసుకుంటూ, ఉన్నది అడిగినవారికి ఇస్తుంది. ముక్కలు కాస్త పోగయ్యాకే బొమ్మ కదులుతుంది. అందుకే పక్కింటి టీవీలో వికెట్ పడ్డ కేక వినిపించాక గాని మన తెర మీద బౌలర్ పరుగెత్తడు!

2004లో హాంకాంగ్ పరిశోధకుల కూల్‌స్ట్రీమింగ్, చైనాలో పీపీలైవ్ ఈ దారి చూపాయి. 2007లో బీబీసీ ఐప్లేయర్ డౌన్‌లోడ్లకు ఇదే వాడి, తరువాత మానుకుంది.

చిక్కు ఎక్కడంటే, చూసేవాడి డేటా రెండు వైపులా ఖర్చవుతుంది. 2020లో రేపల్లె వైపు పిల్లలు ఫోన్లలో పాఠాలు వింటుంటే, రోజుకిచ్చే డేటా మధ్యాహ్నానికే అయిపోయేది. అలాంటి ఇంట్లో ఫోను తెలియకుండా ఊరందరికీ ముక్కలు పంచుతుంటే ఏమవుతుంది? పైగా పంచేవాళ్లు ఎక్కువమంది ఉంటేనే ఈ పద్ధతి బాగా నడుస్తుంది. మన సభ చూసేవాళ్లు రెండు మూడు వందలు దాటరు.

అందుచేత ఈసారికి మామూలు యూట్యూబ్ ప్రసారమే చాలునని, ఆ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తామన్న సొమ్మును రేపల్లె పిల్లల డేటా ప్యాక్‌లకు మళ్లించమని కమిటీకి రాసి ఇచ్చాం.